క్వార్టర్స్ డ్యూటీ

గంట మోగినప్పుడు నాగరాణి చేతులు పిండిలో ఉన్నాయి.

సూపరింటెండెంటు గారి మనవడికి ఆదివారం నాడు తొట్టెల, ఉయ్యాలలో వేసే పండుగ. క్వార్టర్స్ వెనక వరండాలో పొద్దున తొమ్మిదింటికి పొయ్యి ముట్టించారు. అప్పటి నుంచి నాగరాణి పీట ముందు కూర్చుని గరిజెలు చేస్తూనే ఉంది. ఖాకీ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుంది. భుజం మీది పట్టీకి నూనె చుక్క పడకుండా పాత టవల్ కప్పుకుంది. పూరీ ఒత్తడం, కొబ్బరీ నువ్వులూ కలిపిన పొడి నింపడం, అంచు మడిచి గోటితో నొక్కడం. అమ్మగారు రెండుసార్లు వచ్చి అంచులు మందంగా వస్తున్నాయని చెప్పి వెళ్ళింది. వార్డర్ ఉద్యోగంలో చేరి పదకొండేళ్ళయింది. క్వార్టర్స్‌కు పంపడం మొదలై మూడేళ్ళు.

జైలు గంట ఆగకుండా మోగిందంటే లోపల జరగరానిదేదో జరిగిందని అర్థం. నాగరాణి పీట తన్నుకుంటూ లేచింది. చేతులు కూడా కడుక్కోకుండా, క్వార్టర్స్‌కూ మెయిన్ గేటుకూ మధ్యనున్న ఎర్రమట్టి బాట మీద పరుగెత్తింది.

గేటు డ్యూటీలో ఉన్న వార్డర్ ఖాసిం మొహం పాలిపోయి ఉంది. ఆడవాళ్ళ వార్డులోనని చెప్పాడు. తలుపుకు లోపలి నుంచి తాళం వేసి ఉందట. ఆ తాళంచెవి లోపలున్న వార్డర్ స్నేహలత నడుముకే ఉంది. ఆ తలుపుకు రెండో తాళంచెవి గేటు గదిలో మేకుకు వేలాడుతోంది. అయినా దాన్ని ఎవరూ ముట్టలేదు. ఆడ వార్డర్ తోడు లేకుండా మగవాళ్ళు ఆ వార్డులో అడుగు పెట్టరాదు. నిరుడు ఒకాయన ఇలాగే ఆపదని అడుగుపెట్టి, సస్పెండై ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఇప్పుడు నలుగురు వార్డర్లు ఆ తలుపు ముందు నిలబడి, ఎక్కడో మీటింగులో ఉన్న సూపరింటెండెంటు ఫోను ఎత్తుతాడేమోనని చూస్తున్నారు.

నాగరాణి మేకు మీది తాళంచెవి లాక్కుని పరుగెత్తింది.

తలుపు తెరుచుకునేసరికి పళ్ళేల మోత చెవులు బద్దలు చేసింది. మధ్యాహ్నం తిండి అయ్యాక బ్యారక్‌లో పెట్టి తాళం వేసిన ఆడవాళ్ళందరూ పళ్ళేలతో ఊచలను బాదుతున్నారు. స్నానాల గదుల పక్కన స్నేహలత నిలబడి ఉంది. ఆ పిల్లకు ఇరవయ్యారేళ్ళు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. జంగమ్మ అనే రిమాండు ఖైదీ మోకాళ్ళను రెండు చేతులా చుట్టి, పైకెత్తి పట్టుకుని ఉంది. జంగమ్మ మెడకు చీరకొంగు బిగిసి ఉంది. స్నేహలత చెంప ఆమె కడుపుకు ఆని ఉంది. అరిచి అరిచి గొంతు పోయినట్టుంది, పెదవులు మాత్రం కదులుతున్నాయి. వదిలితే జంగమ్మ పోతుంది. వదలకపోతే నడుముకున్న తాళంచెవి తీయలేదు.

నాగరాణి బకెట్ బోర్లించి ఎక్కి ముడి విప్పింది. జంగమ్మ దగ్గింది. దగ్గు వినగానే తలుపు దగ్గరి మగవాళ్ళు కూడా లోపలికి వచ్చారు. ఆమెను స్ట్రెచర్ మీద తీసుకుపోయారు.

స్నేహలత చేతులు మాత్రం విడలేదు. మధ్యలో మనిషి లేకపోయినా అలాగే చుట్టుకుని, వేళ్ళలో వేళ్ళు బిగించి నిలబడింది. నాగరాణి ఒక్కొక్క వేలే విడదీసింది. ఆ వేళ్ళకు తెల్లగా మైదాపిండి అంటింది.

గంట కొట్టింది బుధవారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి. తలుపు తెరిచింది పన్నెండూ యాభై ఒకటికి. గేటు పుస్తకంలో ఖాసిం రాసిన లెక్క అది. గంట కొట్టింది కూడా అతనే, బ్యారక్‌లో పళ్ళేల మోత విని. ఆ పుస్తకంలో నాగరాణి పొద్దున బయటికి వెళ్ళినట్టు ఎక్కడా లేదు. క్వార్టర్స్‌కు పోయేవాళ్ళ పేర్లు రాయవద్దని ఎప్పటి నుంచో మాట.

మరునాడు డ్యూటీ చార్టులో స్నేహలత పేరు అదే వార్డుకు ఉంది. ఆడ వార్డర్లు మొత్తం నలుగురు, అందులో ఒకరు బాలింత సెలవులో ఉన్నారు. చార్టు రాసేది హెడ్ వార్డర్ దామోదర్. వేరే జాగాకు మార్చమని నాగరాణి అడిగితే, మనుషులు లేరన్నాడు. ఆ మాట అబద్ధం కాదు గనక ఆయన తల కూడా ఎత్తలేదు.

స్నేహలత ఆ రోజంతా స్నానాల గదుల వైపు చూడకుండా నడవడానికి గోడ వెంట తిరిగింది. డబ్బా విప్పి రెండు ముద్దలు కలుపుకుని, మళ్ళీ మూత పెట్టింది. కుడి భుజం ఎత్తలేకపోతోంది. నాగరాణి జండూబామ్ తెచ్చి భుజానికి రాస్తుంటే నోరు విప్పింది.

"బరువు దిగుతలేదక్కా. ఆమె దవాఖానల ఉన్నదని ఎరుకే. బతికిందని ఎరుకే. నా చేతుల మీదికెళ్ళి మాత్రం దిగుతలేదు."

ధైర్యంగా ఉండాలె, మన డ్యూటీయే గంత అని కొత్తవాళ్ళకు చెప్పే మాట నాగరాణి నోటి దాకా వచ్చింది. తాను తొలి ఏడాది ఏడ్చినప్పుడు పాత వార్డరమ్మ తనకు చెప్పిన మాటే అది. దాన్ని మింగేసి, భుజాన్ని ఇంకా మెల్లగా రుద్దింది.

మూడింటికి సూపరింటెండెంటు విజేందర్ పిలుస్తున్నాడని కబురొచ్చింది.

ఆయన అరిచే మనిషి కాదు. రిటైర్ కావడానికి ఇంకో పద్నాలుగు నెలలుంది. కుర్చీ చూపించి, ఫ్యాను పెంచి, మంచినీళ్ళు ముందుకు జరిపాడు. తర్వాత టైపు చేసిన కాగితం ఒకటి తీశాడు. అది నాగరాణి వాంగ్మూలం. మధ్యాహ్నం పన్నెండున్నరకు తాను వార్డు వెనక వైపు రౌండులో ఉన్నట్టు, గంట విని వచ్చేసరికి స్నేహలత కుర్చీలో కూర్చుని నిద్ర నుంచి లేస్తున్నట్టు, తానే ఖైదీని కాపాడినట్టు అందులో ఉంది. కింద ఆమె పేరు, చుక్కల గీత.

"నీ మీద ఒక్క అక్షరం లేదు చూడు," అన్నాడు. "పైగ ఖైదీని కాపాడినవని రివార్డుకు రాస్త. ఆ పిల్లకు చిన్న వయసు. ఒక ఇంక్రిమెంటు పోతది, గంతే. మళ్ళ కోలుకుంటది."

శనివారం నాడు హైదరాబాద్ నుంచి విచారణకు ఆఫీసరు వస్తున్నాడట. ఆలోపు సంతకం చేసి ఇస్తే చాలన్నాడు. కాగితం ఇంటికి తీసుకుపోయి చదువుకుంటానని నాగరాణి అంది. ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూసి, సరేనన్నాడు.

ఇంటికి పోయే జడ్చర్ల బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చోగానే ఆమె కళ్ళు ముందు సీటు నుంచి వెనక సీటు దాకా తలలు లెక్కపెట్టాయి. ముప్పై నాలుగు. తర్వాతి స్టేజీలో ఇద్దరు దిగారు, ఐదుగురు ఎక్కారు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. రెండేళ్ళుగా ఇదే తీరు. లెక్క తప్పితే గుండెలో ఎవరో పిడికిలి బిగించినట్టయ్యేది. పెళ్ళికి పోయినా, అంగడికి పోయినా మనుషులను లెక్కపెట్టేది. ఇంట్లో తాళం వేశాక మూడుసార్లు లాగి చూసేది, పడుకున్నాక లేచి మళ్ళీ చూసేది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే దిమాగ్ ఖరాబైందంటారు, తాళంచెవులు చేతికి ఇవ్వరు. తాళంచెవులు లేని వార్డర్ ఎందుకు?

భర్త పరమేష్ మందుల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు చేసి అప్పటికే ఇంట్లో ఉన్నాడు. కాగితం అతని చేతికిచ్చింది. నిదానంగా చదివి, సంతకం పెట్టెయ్యమన్నాడు. పెద్దవాళ్ళతో మనకెందుకన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడగసాగింది. కొంతసేపయ్యాక అతనే మళ్ళీ వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

"గా పిల్ల నిజంగ నిద్రవోయిందా?"

"లేదు."

"మరి నువ్వు యాడున్నవ్?"

ఈ ప్రశ్న ఏదో ఒక రోజు వస్తుందని మూడేళ్ళుగా ఆమెకు భయం. కోస్గి దగ్గరి తమ ఊళ్ళో పరమేష్ నలుగురిలో కూర్చుంటే, తన భార్య ఖాకీ బట్టల ఉద్యోగం గురించి చెప్పకుండా లేవడు. జైలుకు పోయేటప్పుడు ఆమె బూట్లకు పాలిష్ కూడా అతనే పెడతాడు.

"సూపరింటెండెంట్ ఇంట్ల గరిజెలు చేస్తున్న," అంది. "గిన్నెలు తోమిన. బట్టలు పిండిన. మూడేండ్ల సంది నెలకు పది దినాలు గదే నా డ్యూటీ."

పరమేష్ మొహం చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు. బియ్యం నీళ్ళు పారబోసి వెనక్కి తిరిగేసరికి అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె సంచిలో పెడుతున్నాడు. సంతకం పెట్టమని మళ్ళీ అనలేదు.

శుక్రవారం పొద్దున బ్యారక్ తెరిచే వేళకు స్నేహలత తాళంచెవి తాళంలో పెట్టి అలాగే నిలబడిపోయింది. లోపలి ఆడవాళ్ళు మొదట పిలిచారు, తర్వాత వాళ్ళు కూడా భయపడి ఊరుకున్నారు. నాగరాణి వెళ్ళి ఆ చేతి మీద తన చేయి వేసి తాళం తిప్పింది.

ఖైదీల లెక్క ముగించి నాగరాణి దామోదర్ దగ్గరికి నడిచింది. ఇద్దరికీ మూడు గంటల పర్మిషన్ కావాలంది. ఎందుకని ఆయన అడిగాడు.

"దవాఖానకు."

"ఏమైంది?"

"ఏమైందో మీకు ఎరుకే గదన్నా."

దామోదర్ కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. వార్డులో మిగిలిన ఒక్కామెను కాసేపు బయటి తలుపు దగ్గర నిలబెడతానన్నాడు. పర్మిషన్ రాశాడు.

జిల్లా దవాఖానలో మనసు జబ్బుల గది వరండా చివర, ఎక్స్‌రే గది దాటాక ఉంది. చీటీ రాసే కౌంటరు దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు స్నేహలత చున్నీతో సగం మొహం కప్పుకుంది. ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తే సంబంధాలు వెనక్కిపోతాయని గొణిగింది. వరుస కదిలి వాళ్ళ వంతు వచ్చింది. చీటీ రాసే మనిషి తల ఎత్తకుండా పేషెంట్ ఎవరని అడిగాడు. స్నేహలత నేల చూపులు చూసింది.

"ఇద్దరం," అంది నాగరాణి.

ఆ మాట అంటానని వరుసలో నిలబడ్డప్పుడు ఆమెకే తెలియదు. రెండు రోజుల్లో మొదటిసారి స్నేహలత తల తిప్పి ఆమె కళ్ళలోకి చూసింది. చున్నీ దానంతటదే జారింది. ఎత్తి కప్పుకోలేదు.

డాక్టరు నౌరీన్ చిన్న వయసు మనిషి. స్నేహలతతో చాలాసేపు మాట్లాడింది. చేతులు ఎక్కడ బరువుగా ఉన్నాయో చూపించమంది, కళ్ళు మూస్తే ఏం కనిపిస్తుందో అడిగింది. తర్వాత నాగరాణి వైపు తిరిగింది. నాగరాణి నవ్వుతూ మొదలుపెట్టింది, బస్సులో తలలు లెక్కపెట్టడం ఏదో తమాషా సంగతి అన్నట్టుగా. తాళాల దాకా వచ్చేసరికి నవ్వు ఆగింది. డాక్టరు నవ్వలేదు. అది పిచ్చి కాదని, ఏళ్ళ తరబడి భయంతో కాపలా కాసిన మనసు ఇంటికి వచ్చాక కూడా కాపలా దిగలేకపోతోందని చెప్పింది. మందు రాసింది, పదిహేను రోజులకోసారి వచ్చి మాట్లాడమంది. స్నేహలతకు మూడు వారాల విశ్రాంతి కావాలని కాగితం రాసి ముద్ర వేసింది. మీకూ రాయనా అని నాగరాణిని అడిగింది.

"రేపు నాకు పని ఉన్నది మేడం," అంది నాగరాణి. "అయినంక వస్త."

శనివారం తెల్లవారగానే స్నానం చేసి, గడప దగ్గర వెలుతురులో కూర్చుని రాయడం మొదలుపెట్టింది. పదో తరగతి తర్వాత ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. మొదటి కాగితం పాడైంది. రెండో కాగితంలో వాక్యాలు చిన్నవి చేసింది. బుధవారం తొమ్మిది నుంచి పన్నెండూ నలభై దాకా తాను వార్డులో లేదు. సూపరింటెండెంటు ఇంట్లో ఉంది. ఆ వార్డులో ఇద్దరు ఉండాల్సిన చోట స్నేహలత ఒక్కతే ఉంది. ఆమె నిద్రపోలేదు. పదకొండు నిమిషాలు ఒక మనిషిని చేతుల మీద మోసింది. ఆ మనిషి బతికి ఉంది. తాను కాక క్వార్టర్స్‌కు ఇంకా ఎవరెవరు పోతారో తాను రాయదు, వాళ్ళనే అడగాలి. చివర సంతకం పెట్టి, దవాఖాన కాగితాలు రెండూ, స్నేహలతదీ తనదీ, గుండుసూదితో జత చేసింది.

విచారణ ఆఫీసరు బక్కపలుచని మనిషి. సూపరింటెండెంటు గదిలోనే, సూపరింటెండెంటు కుర్చీలోనే కూర్చున్నాడు. విజేందర్ పక్కన వేరే కుర్చీలో ఉన్నాడు. నాగరాణి తన కాగితాలు ఇచ్చింది. టైపు చేసిన కాగితాన్ని కూడా మడతలు విప్పి, సంతకం లేకుండానే దాని పక్కన పెట్టింది. విజేందర్ ముందుకు వంగి చేతిరాతను చూశాడు.

ఆఫీసరు రెండూ చదివాడు. చేతిరాతది రెండుసార్లు చదివాడు.

"ఇది ఇస్తే ముందు వేటు పడేది నీ మీదనే. నువ్వు వార్డుల లేవని నువ్వే రాసినవ్. తెలుసా?"

"ఎరుకే సార్. నేను లేను గదా."

"సార్, ఒక్క మాట," అన్నాడు విజేందర్. గొంతు ఇప్పుడు కూడా మెత్తగానే ఉంది. "ఈమెకు మనసు బాగలేదు. నిన్ననే దవాఖానల చూపించుకున్నది. చీటీ ఆమెనే పెట్టింది, చూడుండ్రి. ఇసొంటి మనిషి రాసింది ఎట్ల నమ్ముతం?"

ఈ మాట వస్తుందని నాగరాణికి తెలుసు. చీటీ జత చేసేటప్పుడే తెలుసు.

"అవును సార్, చూపించుకున్న," అంది ఆఫీసరు వైపే చూస్తూ. "నిద్ర పడతలేదు. తాళాలు మళ్ళ మళ్ళ చూస్త. ఇరవై నాలుగ్గంటలు డ్యూటీ చేసి, నెలకు పది దినాలు సార్ ఇంట్ల పని చేసి, గిట్లైన. మంది ముందట చెప్పనీకి నాకేం సిగ్గు లేదు. కానీ బుధవారం నేను యాడున్ననో నాకు మంచిగ యాదికున్నది. గంట కొట్టే వరకు రెండువందల నలభై గరిజెలు ఒత్తిన. ఇంకో అరవై ఒత్తాలె."

ఆఫీసరు పెదవి మీదికి వచ్చిన నవ్వును ఆపుకున్నాడు. గేటు వార్డరును పిలవమన్నాడు.

ఖాసిం వచ్చి సెల్యూట్ చేసి నిలబడ్డాడు. అతని ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు, ఇక్కడి నుంచి కదిలిస్తే వాళ్ళ చదువు ఆగుతుంది. నాగరాణి అతని వైపు చూడకుండా గోడ చూసింది. చూస్తే అడిగినట్టవుతుందని.

బుధవారం పొద్దున ఈమె గేటు దాటి బయటికి పోయిందా అని ఆఫీసరు అడిగాడు.

"పుస్తకంల రాసి లేదు సార్."

"రాసి ఉన్నదా అని నేను అడగలే."

ఖాసిం విజేందర్ వైపు చూడబోయి ఆగాడు.

"పోయింది సార్," అన్నాడు. "దినాం ఎవరో ఒకరు పోతరు. రాయొద్దన్నరు, నేను రాయలే. నేను గూడ పోయిన. బోళ్ళు సాఫ్ చేసిన, బర్రెను కడిగిన." కొంచెం ఆగి, ఎవరూ అడగకుండానే ఇంకో మాట అన్నాడు. "గా దినం రెండో తాళంచెవి నా చేతికి అందేంత దూరంలనే ఉండె సార్. తియ్యలే. భయమైంది. మూడు దినాల సంది అన్నం తింటలేను."

ఆఫీసరు రాసుకున్నాడు. ఖాసిం బయటికి వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర తడబడ్డాడు.

ఆదివారం తొట్టెల జరిగిందని, వంటకు బయటి మనుషులను పిలిపించారని వార్డర్లు విన్నారు.

సోమవారం పొద్దున నాగరాణిని ఏడున్నరకు రమ్మన్నారు. వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా ముంగిట్లో వార్డర్లు వరుసగా నిలబడ్డారు. దామోదర్ చార్టు చదువుతున్నాడు. ఒకటో బ్యారక్, రెండో బ్యారక్, గోడ కాపలా, ములాఖత్ గది. ఒక్కో పేరుకు ఒక బూటు చప్పుడు. స్నేహలత పేరు చదివి, మెడికల్ లీవు అన్నాడు.

చివరి లైను దగ్గర ఆయన గొంతు కొంచెం తగ్గింది.

"క్వార్టర్స్. పర్వతాలు."

పర్వతాలు యాభై రెండేళ్ళ మనిషి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. బూటు చప్పుడు వినిపించలేదు. దామోదర్ మళ్ళీ చదివాడు. పర్వతాలు వరుసలో కదలకుండా నిలబడ్డాడు.

"క్వార్టర్స్‌ల ఖైదీలు లేరు," అన్నాడు. "నన్ను ఖైదీలున్న తాన వెయ్యుండ్రి."

ఎవరూ నవ్వలేదు. దామోదర్ ఆ పక్కనున్న అతని పేరు చదివాడు. అతను కూడా కదలలేదు. ఆ పక్కన ఖాసిం. దామోదర్ అతని పేరు చదవలేదు. చాలాసేపు చార్టునే చూసి, ఆఖరి లైను కొట్టేశాడు. పర్వతాలును ఆడవాళ్ళ వార్డు బయటి తలుపు దగ్గర వేశాడు.

వరుస చెదిరాక ఆయన వరండాలోకి వచ్చి నాగరాణి చేతికి ఆర్డరు ఇచ్చాడు. డ్యూటీ సమయంలో వార్డులో లేనందుకు, విచారణ పూర్తయ్యే దాకా సస్పెన్షన్. విజేందర్‌ను సెలవు మీద పొమ్మన్నారు, ఆయన మీద విడిగా విచారణ ఉంటుందట. పెద్దవాళ్ళ విచారణలు ఎంతకాలం నడుస్తాయో ఎవరు చెప్పగలరు అన్నట్టు దామోదర్ చెయ్యి ఆడించాడు. జంగమ్మ కోలుకుందని, ఆమె కొడుకు మొదటిసారి చూడవచ్చాడని కూడా చెప్పాడు. గొర్లను ఎవరికో అప్పజెప్పి, కొల్లాపూర్ అవతలి నుంచి వచ్చాడట.

నాగరాణి ఆర్డరు మొత్తం చదివింది. రెండో కాపీ మీద, అందినట్టు సంతకం చేయాల్సిన చోట, కలం పట్టుకుని ఆగింది. తర్వాత సంతకం పైన ఖాళీ జాగాలో రాసింది.

'అందినది. నేను వార్డులో లేనని ఈ ఆర్డరులో ఉన్నది. ఎక్కడ ఉన్నానో లేదు. అది కూడా రాసి ఇవ్వవలెను.'

దామోదర్ చదివాడు. వద్దంటాడని ఆమె అనుకుంది. ఆయన కాపీ తీసుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. బల్ల సొరుగు లాగి, ఆఫీసు ముద్ర తీసి, సిరా దిమ్మ మీద గట్టిగా రెండుసార్లు అద్ది, ఆమె రాసిన ఆ వాక్యం పక్కన పడేలా కొట్టాడు. కింద ఆఫీసుకు అందినట్టు తేదీ వేసి తన సంతకం కూడా పెట్టాడు.